పిల్లాడి ఇంటి సంగతులు టీచరుకెందుకు? తెలుసుకుంటే ఎంతవరకు?

రాయగడ_టీచరమ్మ
అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక ప్రభుత్వ అప్పర్ ప్రైమరీ బడిలో పనిచేస్తున్నాను. ఇంట్లో మాది తెలుగు, బడిలో చెప్పేది ఒడియాలో. నా ఏడో తరగతిలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడేవాళ్లు అందరూ కలిసే కూర్చుంటారు.

అందులో ఒక కుర్రాడున్నాడు. అల్లరి చెయ్యడు, ఎదురు చెప్పడు, అసలు ఏమీ చెప్పడు. ప్రశ్న అడిగితే లేచి నిలబడి గోటితో బెంచీ గీకుతుంటాడు. హోంవర్క్ పుస్తకం తెరిస్తే పైన తేదీ మాత్రం అందంగా రాసి ఉంటుంది, కింద ఏమీ ఉండదు. రోజూ మొదటి పీరియడ్ సగంలో వస్తాడు. మెల్లగా ఆరా తీస్తే తెలిసింది, తండ్రి కేరళలో పనికి వెళ్లాడు, తల్లి తెల్లారకముందే కూలికి పోతుంది. చెల్లికి జడ వేసి, గంజి తాగించి, అంగన్‌వాడీలో దింపి అప్పుడు వీడు బడికి వస్తాడు.

నేను చేసింది రెండే పనులు. ప్రార్థనకి రాకపోయినా ఏమీ అనడం లేదు. హోంవర్క్ మధ్యాహ్నం భోజనం అయ్యాక బడిలోనే రాయించుకుంటున్నాను. దీనికే స్టాఫ్ రూంలో పెద్ద చర్చ. "మనం పాఠాలు చెప్పడానికొచ్చాం, సంసారాలు చక్కబెట్టడానికి కాదు. ఒకడికి సడలిస్తే రేపు నలభై మందీ తలో కథా చెబుతారు" అన్నారు ఒక సీనియర్. ఆయన చెడ్డవారేం కాదు, ఆయన మాట పూర్తిగా తప్పని కూడా నేననలేను. అసలు టీచరు ఎంతవరకు వెళ్లాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఉపన్యాసాలు మాత్రం వద్దు, ట్రైనింగుల్లో చాలా విన్నాం.

జయపురం_లెక్కలు
మేడమ్, ఉపన్యాసం కాదు, లెక్కే చెబుతాను. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రైమరీలో 30 మందికి, అప్పర్ ప్రైమరీలో 35 మందికి ఒక టీచరు ఉండాలి. మీ దగ్గర నలభై మంది. అదే చట్టం సెక్షన్ 27లో జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప టీచరుకి వేరే పని చెప్పకూడదని ఉంది. ఆ మూడూ చాలవా నడుం విరగడానికి! పైన భోజనం లెక్కలు, యాప్‌లో ఫోటోలు. పిల్లల మీద మనసు పెట్టమంటారు బాగానే ఉంది, సాయంత్రానికి మనసనేది మిగలాలి కదా?

నేను ప్రైవేటు స్కూల్లో చెబుతాను. నా పద్ధతి ఒక్కటే. క్లాసులో అందరికీ ఒకటే రూలు. ఎవరి కష్టం ఎంతో తూచడం మొదలుపెడితే, గట్టిగా ఏడ్చేవాడికే అన్నీ దక్కుతాయి. నోరు లేనివాడు వెనక బెంచీలోనే ఉండిపోతాడు. మీ సీనియర్‌కి నా ఓటు.

మోహన_మురళి
నోరు లేనివాడి గురించే కదండీ టీచరమ్మ అడిగింది?

గుణుపురం_అమ్మాయి
నేను టీచర్ని కాదు. గుణుపురంలో ఒడియా మీడియంలో చదువుకున్న తెలుగు పిల్లని, ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్నాను. బెంచీకి ఇటువైపు నుంచి రెండు మాటలు.

నాకు మంచి టీచర్లు ఇద్దరు దొరికారు, ఇద్దరికీ నేనంటే ఇష్టమే. మొదటి సార్ నన్ను చూసి "పాపం తెలుగు పిల్ల" అనేవారు. ఒడియా పాఠం చదవడం నా వంతు రాగానే నన్ను దాటించి పక్కమ్మాయిని లేపేవారు. పరీక్షలో పాస్ మార్కులు వేసేసేవారు. నాకు అది స్వర్గంలా ఉండేది. పై క్లాసుకి వెళ్లేసరికి ఒక పేరా కూడా తడుముకోకుండా చదవలేని పరిస్థితి. ఆయన దయ వల్లే నేను వెనకబడ్డాను. ఇది చెప్పడానికి బాధగానే ఉంది, ఎందుకంటే ఆయన ఒక్కసారి కూడా కసరలేదు.

రెండో ఆవిడ గురుమా, ఒడియాలో టీచరమ్మని అలాగే పిలుస్తారు. హాజరుకి "ఆజ్ఞా" అని గట్టిగా పలక్కపోతే మళ్లీ పిలిచేది, అంత కచ్చితం. నా డిక్టేషన్ నిండా తప్పులే. ఆవిడ ఎర్ర పెన్ను మూతపెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తప్పులన్నీ వరసగా చూసింది. చూస్తే అన్నీ ఒకే రకం తప్పులు. ఒడియాలో "ఘర" అని రాసి "ఘొరొ" అంటారు. నేను చెవికి వినిపించినట్టు ప్రతి అక్షరానికీ ఓత్వం పెట్టేస్తున్నాను. ఇంకోటి, వాళ్ల "ఠ" అచ్చం మన సున్నాలా ఉంటుంది. దాన్ని నేను సున్నా అనుకుని చదువుతున్నాను. "నీకు ఒడియా రాకపోవడం కాదు, తెలుగు బాగా రావడం వల్ల వస్తున్న తప్పులివి" అంది. ఆ తర్వాత నన్ను రోజూ చదివించింది, అందరికంటే ఎక్కువే చదివించింది. మార్కు ఒక్కటి కూడా ఊరికే వెయ్యలేదు.

అందుకని టీచరమ్మగారూ, మీరు చేసింది నాకు నచ్చింది. హోంవర్క్ మాఫీ చెయ్యలేదు మీరు, రాసే చోటు మార్చారు. మా మొదటి సార్ చేసిన పనీ ఇదీ ఒకటి కావు.

జయపురం_లెక్కలు
ఈ పోస్టుకి దండం. మీ మొదటి సార్ లాంటివాళ్ల వల్లే నేను "అందరికీ ఒకటే రూలు" అంటున్నాను. కానీ మీ గురుమా నలభై మంది డిక్టేషన్లూ అలా చూసేదా? నిజం చెప్పండి.

గుణుపురం_అమ్మాయి
చూసేది కాదు. ఒక రోజు నాది, ఇంకో రోజు ఇంకొకరిది. మిగతావాటికి టిక్కులే. అయినా నా తప్పులు ఏ రకమో ఒక్కసారి తెలిశాక నాలాంటి తెలుగు పిల్లలందరివీ ఆవిడకి తెలిసిపోయాయి. మళ్లీ ఒక్కొక్కరిదీ చూడాల్సిన పని లేదు.

పర్లాకిమిడి_పాతకాపు
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. రిటైరైన మాస్టార్ని. కళ్లజోడు పవరు మార్పించాలి, అక్షరదోషాలుంటే సర్దుకోండి.

ఈ విషయం మా ఊళ్లో మాట్లాడితే గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు రాకుండా ఉండదు. అందరూ వ్యావహారిక భాష కోసం ఆయన్ని తలుచుకుంటారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న భాషా దినోత్సవం చేస్తారు. పంతులుగారిగా ఆయన చేసిన పని మాత్రం చాలామందికి తెలీదు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో సవరలనే గిరిజనులు. వాళ్ల పిల్లలకి చదువు చెప్పాలంటే అప్పటివాళ్లు చేసే పని ఏటి? తెలుగు నేర్పించి, ఆ తెలుగులో పాఠం చెప్పడం. ఈయన తిరగేశారు. ముందు తానే కూర్చుని సవర నేర్చుకున్నారు, ఒక సవర కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని మరీ. వాళ్ల భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. అంటే ఆ పని డెబ్బయి దాటినా వదల్లేదన్నమాట. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు గానీ, నిఘంటువు ఆ తర్వాతే వచ్చింది చూడండి.

ఇది గొప్పలు చెప్పుకోడానికి కాదు నాయనా. పిల్లాడు నా దగ్గరికి రాలేకపోతున్నాడంటే మధ్యలో ఉన్న దూరంలో నేను నడవాల్సింది ఎంత అని ఆయన చూసుకున్నారు. జయపురం బాబు అడిగిన "అందరికీ ఒకటే రూలు" మంచిదే. అందరికీ ఒకటే ప్రశ్నపత్రం పెట్టండి, తప్పు లేదు. ఆ ప్రశ్న అర్థమయ్యే దాకా కొందరికి రెండుసార్లు చెప్పాల్సొస్తుంది, అంతే.

కొరాపుట్_కుర్రాడు
అసలు సరిహద్దు జిల్లాల్లో తెలుగు మీడియం బడులు సరిగ్గా నడిపితే ఈ గొడవే ఉండదు. రాజ్యాంగంలో 350ఎ ఉంది, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పాలని. 1956లోనే చేర్చారు. ఎక్కడ అమలవుతోంది? ముందు దాని మీద మాట్లాడండి.

నిర్వాహకుడు
తమ్ముడూ, 350ఎ మీద మన వేదికలో ఇప్పటికే పెద్ద చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ టీచరమ్మగారి ప్రశ్న దారి తప్పకుండా చూద్దాం. ఒకటి మాత్రం అంటాను, తెలుగు మీడియం బడి పెట్టినా ఆ కుర్రాడు చెల్లికి జడ వేసే రావాలి కదా.

సిరొంచ_సారు
రామ్ రామ్. నాది మహారాష్ట్ర దిక్కు, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ప్రాణహిత దాటితే తెలంగాణ. జిల్లా పరిషత్ మరాఠీ బడి. పిల్లలు ఇంట్లో తెలుగు, కొందరు మాడియా అనే గిరిజన భాష.

మా దగ్గర పిల్లలు నోరు ఎందుకు విప్పరంటే, విప్పితే నవ్వుతారని. మరాఠీలో పుస్తకానికి కూడా లింగం ఉంటది. మన పిల్ల "మాఝా పుస్తక్" అంటది. "మాఝం పుస్తక్" అనాలె. కొత్తగా బయటినుంచి వచ్చిన పిల్లలు పకపకా నవ్వుతరు. అయిపాయె, ఆ పిల్ల ఇంక ఏడాది దాకా నోరు తెరవది. నేనేం చేస్తనంటే, నవ్విన పిల్లగాన్నే లేపి "దీన్ని తెలుగుల చెప్పురా" అంట. వాడు నీళ్లు నములుతడు. అప్పుడు క్లాసంతా వాణ్ణి చూసి నవ్వుతది. ఇది మంచి పద్ధతో కాదో తెల్వదు గానీ పని చేస్తది. నవ్వు మోతాదు తగ్గింది.

ఇంటి సంగతి అడుగుడు గురించి. నేను ఇంటి గురించి అసలే అడుగను. "పొద్దుగాల ఏం తిన్నవ్‌రా" అని అడుగుత, అంతే. జవాబుల ఇల్లంతా ఉంటది. "అవ్వ అటుకులిచ్చింది" అంటే అమ్మ ఇంట్ల లేదు. "రాత్రిది తిన్న" అంటే ఒక సంగతి, "తినలే" అంటే ఇంకో సంగతి. ఏప్రిల్, మే వస్తే మా దిక్కు తునికాకు కాలం. పిల్లలు తెల్లారకముందే అమ్మానాయినతోని అడవికి పోయి, ఆకు తెంపి, కట్టలు కట్టి బడికొస్తరు. క్లాసుల తూలుతుంటే కొట్టబుద్ధి అయితదా? ఆ రోజులల్ల కొత్త పాఠం మొదటి గంటల చెప్పను. చదివిందే చదివిపిస్త.

బరంపురం_లక్ష్మి
సిరొంచ సార్, ఒక్క మాట, కోప్పడకండి. "ఏం తిన్నావు" అన్న ప్రశ్న అందరి ముందు అడుగుతారా? చిన్నప్పుడు నన్నూ అలాగే ఒక టీచరు ప్రేమగా అడిగేవారు. ఇంట్లో ఏమీ లేని రోజు "ఇడ్లీ" అని అబద్ధం చెప్పేదాన్ని. ఆ అబద్ధం కోసం దారిలో రిహార్సల్ వేసుకునేదాన్ని.

సిరొంచ_సారు
అక్కా, అందరి ముందల కాదు. పిల్లలు నీళ్ల ట్యాంకు కాడ చేతులు కడుక్కునేటప్పుడు, ఒక్కొక్కరిని. అయినా మీరన్నది మతిల పెట్టుకుంట.

దెగ్లూర్_డీఎడ్
నమస్తే. నాందేడ్ జిల్లా దెగ్లూర్ నుంచి, డీఎడ్ (టీచర్ ట్రైనింగ్) చదువుతున్నా. మా క్లాసులో ఒక పరిశోధన గురించి చెప్పారు, ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నా. 2016లో అమెరికాలో కాలిఫోర్నియాలోని 5 మిడిల్ స్కూళ్లలో జేసన్ ఒకొనొఫువా అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసింది. 31 మంది లెక్కల టీచర్లు, 1,682 మంది పిల్లలు. సగం మంది టీచర్లకి ఆన్‌లైన్‌లో రెండు చిన్న పాఠాలు, ఒకటి 45 నిమిషాలు, ఇంకోటి 25 నిమిషాలు. పిల్లలు ఎందుకు దారి తప్పుతారో, శిక్షించేటప్పుడు కూడా వాళ్ల వైపు నుంచి ఎలా చూడొచ్చో చదివించి, మీరైతే ఏం చేస్తారో రాయమన్నారు. మిగతా టీచర్లకి సంబంధం లేని ఇంకో విషయం. ఏడాది చివర చూస్తే సస్పెండైన పిల్లలు ఒకవైపు 9.6 శాతం, పాఠం విన్న టీచర్ల పిల్లల్లో 4.8 శాతం. సగానికి సగం! టీచర్లకి క్రమశిక్షణ వదిలెయ్యమని ఎవరూ చెప్పలేదు.

జయపురం అన్నా, గంటా పది నిమిషాలే. టైం లేదనే మాట ఇక్కడ నిలబడదేమో.

జయపురం_లెక్కలు
తమ్ముడూ, అంకెలు బాగున్నాయి, మర్యాదగానే అడుగుతున్నా. అక్కడ బాధ సస్పెన్షన్. బడి పిల్లాణ్ణి బయటికి పంపుతుంది. ఇక్కడ మనం పంపక్కర్లేదు, వాడే మెల్లగా రావడం మానేస్తాడు. రిజిస్టర్‌లో పేరు ఉంటుంది, మనిషి జీడితోటలోనో, చెన్నై హోటల్లోనో ఉంటాడు. ఆ లెక్క ఎవరు తీశారు? పైగా అక్కడ తరగతి గదిలో ఎంతమందో, మన గదిలో ఎంతమందో చూడు. కాలిఫోర్నియా మందు కొరాపుట్ జ్వరానికి వెయ్యకు.

ఇంకొకటి. టీచరు గురించి ఎవరూ మాట్లాడరేం? రోజంతా నలభై మంది బాధలు విని ఇంటికెళితే సొంత కూతురు లెక్కల పుస్తకం తెస్తే విసుక్కుంటాం. ఇది నా ఒక్కడి సంగతి కాదు, స్టాఫ్ రూంలో ఎవరిని కదిపినా ఇదే.

దెగ్లూర్_డీఎడ్
మానేసేవాళ్ల సంగతి ఒప్పుకుంటా అన్నా. కానీ మానేసేవాడు మొదట మాట్లాడడం మానేస్తాడు, తర్వాత హోంవర్క్, తర్వాత సోమవారాలు. టీచరమ్మగారి కుర్రాడు ఏ మెట్టు మీదున్నాడో చూడండి.

మోహన_మురళి
నాదొక చిన్న సంగతి. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని ఊడ్చేసింది, గుర్తుండే ఉంటుంది. బడి మళ్లీ తెరిచాక గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, పిల్లలు కిటికీల వైపే చూసేవారు. మా హెడ్మాస్టారు ఎవర్నీ ఏమీ అడగలేదు, ధైర్యం చెప్పే ప్రసంగం కూడా పెట్టలేదు. బెంచీలన్నీ కిటికీలకి దూరంగా, గోడ వైపుకి జరిపించారు. పని అయిపోయింది. ప్రతిదానికీ పిల్లాణ్ణి కూర్చోబెట్టి కడుపులో మాట కక్కించక్కర్లేదని నా ఉద్దేశం.

బరంపురం_లక్ష్మి
మురళి గారి మాట ముమ్మాటికీ నిజం. నేను పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాను కాబట్టి "ఎంతవరకు" అన్నదానికి నా వంతు చెబుతాను.

పిల్లలు చెప్పేదాంట్లో మూడు రకాలుంటాయి. పేదరికం, ఇంటి పని, తండ్రి ఊళ్లో లేకపోవడం లాంటివి మీరు బడిలో సర్దుబాటు చేసి నడిపించగలిగేవి. టీచరమ్మగారు చేసినట్టు. రెండోది, ఇంట్లో తగాదాలు, తాగుడు. వినండి, పెద్దమనిషి పాత్రలోకి మాత్రం దూరకండి. మీరు తల్లిదండ్రుల మధ్య తీర్పు చెప్పడం మొదలుపెడితే దెబ్బలు తినేది పిల్లాడే. మూడోది, ఎవరైనా పిల్లని ముట్టుకోకూడని చోట ముట్టుకున్నారనో, బెదిరిస్తున్నారనో చెప్తే అది మీ దగ్గర దాచుకునే రహస్యం కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. అందుకే పిల్లలు "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి మిస్" అంటే ఒట్టెయ్యొద్దు. "నీకు మంచి జరగడానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్తాను" అనండి. ఒట్టు వేసి తప్పితే ఆ పిల్ల ఇంకే పెద్దవాళ్లనీ నమ్మదు.

ఇంకో సంగతి, కొట్టడమే కాదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునీ నిషేధించింది. "మీ నాన్న అక్కడ, నువ్వు ఇక్కడ ఇలా" అని క్లాసులో అనడం కూడా అందులోకే వస్తుంది. ఇంటి సంగతులు తెలుసుకున్న టీచరు కోపంలో వాటినే బాణంలా వాడటం నేను చూశాను. తెలుసుకోకపోయినా బాగుండేది అనిపించింది.

రాయగడ_టీచరమ్మ
అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంతమంది రాస్తారనుకోలేదు. లక్ష్మి గారి చివరి పేరా ప్రింటు తీసి స్టాఫ్ రూంలో పెట్టాలనుంది, పెట్టే ధైర్యం ఉందో లేదో చూడాలి.

జయపురం సార్, మీతో పూర్తిగా విభేదించలేను. సాయంత్రానికి మనసు మిగలదన్నది నాకూ తెలుసు. అందుకే నలభై మంది ఇళ్ల సంగతులూ తెలుసుకోవాలని నేననుకోవడం లేదు. మిగతావాళ్లు నెట్టుకొస్తున్నారు, వీడొక్కడూ ఆగిపోయాడు కాబట్టి అడిగాను. ప్రార్థన విషయంలో మాత్రం ఆలోచిస్తున్నాను. వాడు రోజూ అందరి కళ్లముందూ ఆలస్యంగా లోపలికి రావాలి, ఎందుకని పిల్లలు అడుగుతారు. అంగన్‌వాడీ దీదీతో మాట్లాడి చెల్లిని కొంచెం ముందే తీసుకోమని అడిగితే వాడే ప్రార్థనకి అందుకుంటాడు కదా అనిపిస్తోంది.

ఇంకో ప్రశ్న మిగిలింది. తెలుగు పిల్లలు ఎక్కడ తడబడతారో నాకు తెలుసు, నేనూ ఆ దారినే వచ్చాను కాబట్టి. కువి పిల్లల దగ్గర నాకు ఆ ఆధారమే లేదు. వాళ్ల తప్పులు ఏ రకమో నాకు అంతుచిక్కడం లేదు. ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి_పాతకాపు
అమ్మా, ఒడిశాలో 2006-07 నుంచి బహుభాషా విద్య కార్యక్రమం ఉంది. మొదట పది గిరిజన భాషల్లో మొదలెట్టారు, అందులో సవర, కువి, కోయ ఉన్నాయి. చిన్న తరగతులకి ఆ భాషల్లో వాచకాలు వేశారు. మీది ఏడో తరగతే అయినా దగ్గర్లోని ప్రైమరీ బడిలో ఆ కువి వాచకం అడిగి తెచ్చుకోండి. ఒడియా లిపిలోనే ఉంటుంది కాబట్టి మీరు చదవగలరు. మీ క్లాసులోని కువి పిల్లల చేతే చదివించుకోండి, మీ ఉచ్చారణ వాళ్లని దిద్దమనండి. వాళ్ల ముందు మీరు తప్పులు చదివితే సగం పని అక్కడే అవుతుంది. మీ నోరు ఎక్కడ తిరగలేదో చూసుకుంటే, రెండు భాషలకీ తేడా ఎక్కడుందో మెల్లగా మీకే పట్టుబడుతుంది.

జయపురం_లెక్కలు
పాతకాపు గారూ, ఇది ప్రభుత్వ టీచరమ్మకి చెల్లుతుంది. మా ప్రైవేటు స్కూల్లో నేను పిల్లల దగ్గర పాఠం చదువుతుంటే ఎవరైనా తండ్రి చూశాడంటే "సార్‌కే రాదు, ఫీజెందుకు" అంటాడు.

అయినా ఒకటి అడుగుతా. గుణుపురం అమ్మాయి చెప్పిన ఆ తప్పుల రకాలు లెక్కల్లో కూడా ఉంటాయా? మా ఆరో తరగతిలో కొందరు తీసివేతలో ప్రతిసారీ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తారు, పైన ఏదుందో చూడరు. 52లోంచి 38 తియ్యమంటే 26 అంటారు. ఇన్నాళ్లూ అజాగ్రత్త అని తిడుతున్నా.

గుణుపురం_అమ్మాయి
అజాగ్రత్తైతే ఒక్కోసారి ఒక్కోలా తప్పాలి కదా సార్. ప్రతిసారీ అదే తప్పు అంటున్నారు. వాళ్లకి "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని ఎవరో నేర్పించారు, రెండో తరగతిలో నాకూ అలాగే చెప్పారు. వాళ్లు ఆ మాటనే బుద్ధిగా పాటిస్తున్నారేమో. రేపు ఒకణ్ణి పిలిచి, తిట్టకుండా, ఎలా చేశావో పైకి చెప్పమనండి.

జయపురం_లెక్కలు
రేపు ఆదివారం. సోమవారం అడిగి రాస్తా.